యంత్రహృదయం తెలిసిన జి.డి.నాయుడు

తెల్లవారుజామున నగరి వీధులలో నడిచేవారికి మొదట వినిపించేది మరమగ్గాల చప్పుడు. నగరిలోను, ఏకాంబరకుప్పంలోను, పుత్తూరులోను ఎన్నో కుటుంబాలు ఆ చప్పుడునే నమ్ముకొని జీవిస్తున్నాయి. మగ్గం ఆడాలంటే దాని ప్రక్కన అమర్చిన విద్యుత్ మోటారు తిరగాలి. మోటారు ఆగిన నాడు ఆ ఇంటి సంపాదన ఆగుతుంది. అప్పుడు చేయి తిరిగిన పనివాడు వస్తాడు. మోటారును విప్పి, కాలిపోయిన రాగితీగను తొలగించి, క్రొత్త తీగను అదే లావుతో, అన్నే చుట్లతో చుడతాడు. విప్పిన ప్రతి భాగాన్నీ దాని చోటనే బిగించి మీట నొక్కుతాడు. మగ్గం మళ్ళీ ఆడుతుంది. ఎవరూ అంతగా గమనించని ఈ పనిలో ఒక గొప్ప విద్య దాగి ఉన్నది. విప్పిన వస్తువును తిరిగి పూర్వరూపానికి తీసుకొని రావడమే ఆ విద్య. దానినే జీవితవ్రతంగా స్వీకరించి, మన దేశంలో తొలి స్వదేశీ విద్యుత్ మోటారు రూపొందడానికి కారకులైన వారిలో ఒకరు జి.డి.నాయుడు. ఆయన తమిళదేశంలో పుట్టిన తెలుగుబిడ్డ.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893వ సంవత్సరం మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. విజయనగర ప్రభువుల కాలంలోను, ఆ తరువాత నాయకరాజుల కాలంలోను తెలుగునేల నుండి తరలివెళ్ళి తమిళదేశంలో స్థిరపడిన కుటుంబాలు అనేకం. వారు వీధిలో తమిళం మాట్లాడినా ఇంటిలో తెలుగును విడిచిపెట్టలేదు. దొరస్వామి కుటుంబం కూడ అటువంటిదే. ఆనాడు కోయంబత్తూరు, నగరి వేరువేరు రాష్ట్రాలకు చెందినవి కావు. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు రెండూ మద్రాసు పాలనలోనే ఉండేవి.

దొరస్వామి చిన్ననాటనే తల్లిని కోల్పోయాడు. పల్లెలో వీధిబడికి పంపితే అక్కడ అతని మనసు నిలువలేదు. నాలుగు గోడల నడుమ కూర్చొని చెప్పినదానినే వల్లె వేయడం అతనికి నచ్చలేదు. ఫలితంగా అతని చదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయింది. తండ్రితో కలిసి పొలానికి వెళ్ళసాగాడు. కాని ఆ బాలునికి విరక్తి కలిగింది బడి మీదనే గాని జ్ఞానం మీద కాదు. తీరిక దొరికినప్పుడు పుస్తకాలు చదువుకొనేవాడు. కనిపించిన ప్రతి వస్తువూ ఎలా పనిచేస్తున్నదో తెలుసుకోవాలనే తహతహ అతనిలో నానాటికీ పెరిగింది.

ఆ తహతహకు ఒకనాడు రూపం దొరికింది. రెవెన్యూ శాఖలో పనిచేసే ఒక ఆంగ్లేయ ఉద్యోగి మోటారు సైకిలు మీద ఆ ప్రాంతానికి వచ్చాడు. అది ఇంగ్లాండులోని కోవెంట్రీ నగరంలో తయారైన రడ్జ్ బండి. ఎడ్లబండి తప్ప మరొకటి ఎరుగని పల్లెబాటలో ఎద్దు లేకుండా, తొక్కేవాడు లేకుండా రెండు చక్రాల వాహనం దానంతటదే పరుగెత్తడం చూసి దొరస్వామి నిశ్చేష్టుడయ్యాడు. చూసినవారందరూ ఆశ్చర్యపోయారు. దొరస్వామి మాత్రం ఆశ్చర్యంతో ఆగలేదు. ఆ బండి కడుపులో ఏమున్నది? దానిని కదిలించే శక్తి ఎక్కడ పుడుతున్నది? ఈ ప్రశ్నలు అతనిని నిద్రపోనీయలేదు. ఎలాగైనా ఆ బండిని సొంతం చేసుకోవాలని నిశ్చయించుకొన్నాడు.

కోరిక పెద్దది. చేతిలో చిల్లిగవ్వ లేదు. దొరస్వామి పల్లె విడిచి కోయంబత్తూరు చేరాడు. ఒక హోటలులో వడ్డన పనికి కుదిరాడు. కూలి డబ్బులను ఒక్కొక్క అణాగా కూడబెట్టాడు. అలా సుమారు మూడేళ్ళు గడిచాయి. చివరకు కొన్ని వందల రూపాయలు ప్రోగు చేసి ఆ మోటారు సైకిలును కొన్నాడు. ఈనాటి యువకుడు బండి కొనగానే దానినెక్కి ఊరంతా తిరుగుతాడు. ఆనాటి దొరస్వామి చేసిన పని వేరు. బండిని ముక్కలు ముక్కలుగా విప్పి ముందు పరచుకొన్నాడు. మూడేళ్ళ కష్టార్జితం మరమేకులుగా, చక్రాలుగా, గొట్టాలుగా నేలమీద పడి ఉన్నది.

ఆ సాహసం ఎంతటిదో తెలియాలంటే యంత్రస్వభావం కొంత తెలియాలి. విప్పడం ఎవరికైనా సాధ్యమే. తిరిగి కూర్చడంలోనే కష్టమంతా ఉన్నది. ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటరు, ఆ మిశ్రమాన్ని మండించే నిప్పురవ్వను పుట్టించే మాగ్నెటో, మంట తాకిడికి సిలిండరులో పైకీ క్రిందికీ ఆడే పిస్టను, లోపలికి వెలుపలికి ద్వారాలుగా పనిచేసే వాల్వులు ఒకదాని కదలికకు మరొకటి లోబడి నడుస్తాయి. వాల్వు తెరుచుకోవలసిన క్షణం కొంచెం తప్పినా ఇంజను పలుకదు. ఒక చిన్న వాషరు తక్కువైనా నూనె కారుతుంది. పైగా ఆ కాలంలో విడిభాగాలు ఇంగ్లాండు నుండి ఓడలో రావలసిందే. ఒక్క మరమేకు పోయినా దాని స్థానాన్ని మరొకటి పూరించే అవకాశం లేదు. అందుచేత ఏ భాగం ఎక్కడినుండి వచ్చిందో, దేని తరువాత వచ్చిందో గుర్తుపెట్టుకొని, దేనినీ పోగొట్టకుండా, విరగ్గొట్టకుండా తిరిగి అమర్చాలి. చెప్పేవాడు లేడు. దారి చూపే పుస్తకం లేదు. దొరస్వామి పదేపదే విప్పాడు, పదేపదే కూర్చాడు. బండి మళ్ళీ నడిచింది. ఆ రోజుతో అతడు బండికి యజమాని మాత్రమే కాదు, దాని మర్మం తెలిసినవాడు కూడ అయ్యాడు.

మహాభారతంలో ఏకలవ్యుడు గురువు ప్రతిమను ఎదుట నిలుపుకొని విలువిద్య నేర్చుకొన్నాడు. దొరస్వామికి ఆ ప్రతిమ కూడ లేదు. విప్పిన యంత్రమే అతనికి గురువు. ఆ గురువు మాట్లాడదు. శిష్యుడు పొరపడితే మౌనం వహిస్తుంది. సరిగా చేస్తే కదులుతుంది. ఇంతకంటె నిష్పక్షపాతమైన పరీక్ష మరొకటి ఉండదు. ఆ పరీక్షలో నెగ్గిన దొరస్వామి క్రమంగా నాయుడుగా, మెకానిక్కుగా పేరుపొందారు.

జీవితం ఆయనను నేరుగా యంత్రశాలకు చేర్చలేదు. కొంతకాలం ప్రత్తి వ్యాపారంలో దిగి లాభం గడించారు. బొంబాయికి వెళ్ళి అదే వ్యాపారంలో నష్టపోయారు. లాభం వచ్చినప్పుడు పొంగిపోయే స్వభావం గాని, నష్టం వచ్చినప్పుడు క్రుంగిపోయే స్వభావం గాని ఆయనది కాదు. చేతిలోని ధనం పోయినా చేతిలోని విద్య పోదని ఆయనకు తెలుసు. తిరిగి కోయంబత్తూరు వచ్చి యంత్రాలనే ఆశ్రయించారు. ఆ నగరంలో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి ఉండేవారు. నాయుడు పనితనాన్ని, నిజాయితీని గుర్తించి ఆయన చేయూతనిచ్చారు. ఆ సహాయంతో 1920లో నాయుడు ఒక బస్సు సంపాదించి పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య నడిపారు. ఆ బస్సుకు యజమాని ఆయనే, డ్రైవరు ఆయనే.

ఒక్క బస్సుతో మొదలైన ఆ ప్రయత్నం యూనివర్సల్ మోటార్ సర్వీసు అనే సంస్థగా ఎదిగింది. యు.యం.యస్. అనే పేరు కొంగునాడు అంతటా ప్రసిద్ధమైంది. 1930ల నాటికి రెండువందలకు పైగా బస్సులు ఆ సంస్థ ఆధ్వర్యంలో నడిచాయి. బస్సు వేళకు రావడం, వేళకు కదలడం ఆ రోజుల్లో అపురూపమైన విషయం. నాయుడు వేళను వ్రతంగా పాటించారు. టికెట్లు ఇవ్వడానికి యంత్రాన్ని ప్రవేశపెట్టారు. బస్సులో ప్రయాణికునికి కలిగే కుదుపు ఎంతో కొలిచే పరికరాన్ని తయారుచేశారు. చెడిన బస్సును మూలకు నెట్టడం ఆయనకు గిట్టేది కాదు. ఏ భాగం అరిగిందో గుర్తించి, దానిని బాగుచేసి, బస్సును తిరిగి దారికి ఎక్కించే యంత్రశాల ఆయన వ్యాపారానికి గుండెకాయ వంటిది.

1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. ఆ విద్యుత్తు కోయంబత్తూరు మైదానాలకు చేరింది. నూలుమిల్లులు వెలిశాయి. వ్యవసాయ బావుల దగ్గర కపిలకు మారుగా పంపులు తిరగసాగాయి. అయితే ఆ పంపులను త్రిప్పే మోటార్లు విదేశాలవి. అవి చెడితే బాగుచేయడానికి భాగాలు విదేశం నుండి రావాలి. అంతవరకు రైతు పైరు ఎండవలసిందే. ఈ పరాధీనత నాయుడును కలచివేసింది. డి.బాలసుందరం నాయుడు అనే మరొక ప్రతిభావంతునితో కలిసి 1937లో ఆయన స్వదేశీ విద్యుత్ మోటారును వెలువరించారు. మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా అది చరిత్రకెక్కింది. కోయంబత్తూరు ఈనాడు మోటార్లకు, పంపులకు దేశమంతటా పేరు గడించిందంటే అందుకు ఆనాడే బీజం పడింది.

నాయుడు దేశవిదేశాలు పర్యటించారు. ప్రతి ప్రయాణం నుండి ఏదో ఒక యంత్రజ్ఞానంతో తిరిగి వచ్చేవారు. బ్యాటరీతో నడిచే గడ్డం గీసుకొనే పరికరాన్ని రూపొందించారు. దానికి రసంత్ అని పేరు. అతి పలుచని బ్లేడ్లు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే పంకా, మోసానికి తావులేని ఓటింగు యంత్రం మొదలైనవి ఆయన మేధ నుండి వెలువడ్డాయి. 1941లో ఐదు వాల్వుల రేడియోను డెబ్బై రూపాయలకే అందించవచ్చునని నిరూపించారు. రేడియో ధనవంతుల ఇళ్ళలో మాత్రమే మ్రోగే రోజులవి. ఛాయాగ్రహణం కూడ ఆయనకు ప్రీతిపాత్రమే. 1936లో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయంగా చలనచిత్రంగా తీశారు. వ్యవసాయంలో సైతం ప్రయోగాలు చేసి ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో మేలురకాలను పెంచారు. నోబెల్ పురస్కార గ్రహీత సి.వి.రామన్ వంటి శాస్త్రవేత్త ఆయన ప్రతిభను మెచ్చుకొన్నారు. అంతటి విద్వాంసుడు బడి చదువు పూర్తికాని ఒక రైతుబిడ్డను ఆదరించడం గమనింపదగిన విషయం.

ధనం సంపాదించినవారు సాధారణంగా దానిని రెట్టింపు చేయాలని చూస్తారు. నాయుడు ఆలోచన మరొక దిక్కుకు మళ్ళింది. తాను ఒంటరిగా పడిన కష్టం తరువాతి తరం పడకూడదని ఆయన సంకల్పించారు. 1944లో మోటారు వ్యాపార నిర్వహణ నుండి తప్పుకొని విద్యకు, కార్మిక సంక్షేమానికి తన సంపదను వినియోగించసాగారు. ఆయన దానంతో 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆ పేరుతోనే సాంకేతిక కళాశాల ఏర్పడ్డాయి. ఆ కళాశాలే తరువాతి కాలంలో ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా రూపొందింది. పట్టా లేని నాయుడు దానికి ప్రిన్సిపాలుగా పనిచేశారు. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్ళు అనవసరమని, యంత్రాల నడుమ ఉంచి నేర్పితే రెండేళ్ళు చాలునని ఆయన వాదించారు. ఆనాటి ప్రభుత్వం అంగీకరించలేదు. నాయుడు పదవిని వదులుకొన్నారు. ఆయన వాదం పూర్తిగా సమంజసమా అని ఈనాడు కూడ చర్చించవచ్చు. వంతెనను, ఆనకట్టను నిర్మించేవానికి చేతిపనితోపాటు గణితశాస్త్ర పరిచయం కూడ కావాలి గదా! కాని పుస్తకాన్ని మాత్రమే ఎరిగి పానాను చేతబట్టని ఇంజనీరు దేశానికి బరువని ఆయన నమ్మిన మాటలో సత్యం లేకపోలేదు.

నాయుడు జీవితంలో ఫలించని స్వప్నం ఒకటున్నది. సామాన్యునికి అందుబాటులో ఉండే చిన్న కారును నిర్మించాలని ఆయన ఆశించారు. 1952లో ఇద్దరు కూర్చొని ప్రయాణించగల పెట్రోలు కారును రూపొందించారు. దాని వెల రెండువేల రూపాయలు. అయితే అది పరిశ్రమలకు కొత్త నిబంధనలు వచ్చిన కాలం. 1951లో చేసిన పరిశ్రమల చట్టం 1952లో అమలులోకి వచ్చింది. నిర్ణీత పరిశ్రమలలో క్రొత్తగా ఉత్పత్తి ప్రారంభించదలచినవారు ప్రభుత్వ అనుమతి పొందాలి. పరిమితమైన వనరులను ప్రణాళికాబద్ధంగా వినియోగించాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. ఆ ఉద్దేశంలో దోషం లేదు. కాని నాయుడు కారుకు అనుమతి లభించలేదు. ఉత్పత్తి నిలిచిపోయింది. ఏ యంత్రం చెడినా ఏ భాగంలో లోపమున్నదో పట్టుకొని సరిచేయగల ఆ చేతులకు ఈ అడ్డంకిని సరిచేసే ఉపాయం మాత్రం దొరకలేదు.

ఇదే సమయంలో మరొక దేశంలో ఇటువంటి కథే వేరొక విధంగా సాగింది. జపాను దేశంలో సోయిచిరో హోండా 1906లో ఒక కమ్మరి ఇంట జన్మించాడు. 1922లో టోక్యోలోని ఒక మోటారు మరమ్మతు దుకాణంలో పనికి చేరాడు. ఆ దుకాణంవారు పాత విమానపు ఇంజనును కారు చట్రానికి అమర్చి ఒక పందెపు కారును నిర్మించారు. 1924లో జరిగిన పోటీలో ఆ కారు గెలుపొందింది. అందులో డ్రైవరు ప్రక్కన మెకానిక్కుగా కూర్చొన్నవాడు హోండాయే. 1948లో ఆయన సొంత సంస్థను స్థాపించి మోటారు సైకిళ్ళ తయారీలో ప్రసిద్ధుడయ్యాడు. కార్ల పరిశ్రమలోకి క్రొత్తవారు రాకుండా జపాను ప్రభుత్వం కూడ కట్టుబాట్లు విధించాలని యోచించింది. హోండా దానిని గట్టిగా ఎదిరించాడు. ఆ కట్టుబాట్లు చట్టరూపం దాల్చకముందే కారును వెలువరించాలని త్వరపడ్డాడు. 1963లో హోండా ఎస్ 500 అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారు విపణిలోకి వచ్చింది. దాని ఇంజను అయిదువందల ముప్పైయొక్క ఘనసెంటీమీటర్లదే. వెనుక చక్రాలను త్రిప్పడానికి మోటారు సైకిలులో వలె గొలుసులనే వాడారు. ఇద్దరూ మరమ్మతు పని నుండి ఎదిగినవారే. ఇద్దరూ రెండు సీట్ల కారును కలగన్నవారే. ఒకరి కారు దారి ఎక్కింది, మరొకరి కారు ఆగిపోయింది. ప్రతిభ ఒక్కటే చాలదని, దానిని ఆదరించే వ్యవస్థ కూడ తోడు కావాలని ఈ రెండు జీవితాలు మనకు తెలియజేస్తున్నాయి.

జపాను వారి నుండి నేర్చుకోదగిన విషయం మరొకటి ఉన్నది. వారు క్రొత్తవాటిని తయారుచేయడంతో తృప్తిపడలేదు, పాతవాటిని కాపాడుకొన్నారు. 1924 నాటి ఆ పందెపు కారు మోటెగి అనే చోట 1998లో నెలకొల్పిన హోండా సంగ్రహశాలలో భద్రంగా ఉన్నది. అక్కడి పాత వాహనాలను బొమ్మలవలె నిలిపి ఉంచక, నడిచే స్థితిలో ఉంచడానికి శ్రద్ధ వహిస్తారు. తక్కిన సంస్థలు కూడ ఈ మార్గాన్ని అనుసరించాయి. నిస్సాన్ సంస్థ 2017లో తమ పాత స్కైలైన్ జి.టి.ఆర్. కార్ల విడిభాగాలను మళ్ళీ తయారుచేసి అమ్మడం ప్రారంభించింది. టొయోటా సంస్థ 1967లో వెలువరించిన 2000 జి.టి. కారుకు 2020 నుండి కొన్ని భాగాలను మళ్ళీ తయారుచేసి అందించింది. ఆ కారు మొత్తం మూడువందల యాభైకి అటూయిటుగా మాత్రమే తయారైంది. అన్ని కొద్ది కార్ల కోసం ఒక మహాసంస్థ అర్ధశతాబ్దం తరువాత మళ్ళీ పళ్ళచక్రాలను తయారుచేయడం వ్యాపారదృష్టికి వింతగా తోచవచ్చు. కాని అందులో ఒక ధర్మం ఉన్నది.

పాత కారును బాగుచేయడంలో రెండు మార్గాలున్నాయి. దొరికిన ఏదో ఒక ఇంజనును, సరిపోయిన ఏవో చక్రాలను తగిలించి నడిపించడం మొదటిది. దానికి పుట్టుకతో వచ్చిన భాగాలనే వెదకి తెచ్చి, సాధ్యమైనంతవరకు అరిగినవాటినే సరిచేసి, తొలిరూపాన్ని తిరిగి కల్పించడం రెండవది. మొదటి మార్గంలో బండి నడుస్తుంది గాని దాని చరిత్ర చెరిగిపోతుంది. రెండవ మార్గంలో కాలం, ధనం, ఓపిక ఎక్కువగా ఖర్చవుతాయి. లోహం తుప్పు పడుతుంది, రబ్బరు బిగుసుకొని పగులుతుంది, తీగల పైతొడుగు రాలిపోతుంది. ఒక్కొక్క భాగాన్ని కొలిచి, దానిని చేసినవాడు ఎందుకు అలా చేశాడో అర్థం చేసుకొని ముందుకు సాగాలి. అట్లా పునరుద్ధరించిన కారులో దానిని నిర్మించిన కార్మికుల ఆలోచన సజీవంగా కనిపిస్తుంది. తాళపత్రగ్రంథాన్ని పరిష్కరించే పండితుడు తన సొంత పదాలను చొప్పించక కవి హృదయాన్ని వెదకుతాడు. ఈ పని కూడ అటువంటిదే. పల్లెలో రడ్జ్ బండిని విప్పి కూర్చిన యువకుడు తెలిసో తెలియకో ఈ ధర్మాన్నే పాటించాడు.

ఆ ధర్మం నాయుడుతోనే అంతరించలేదు. పరిశ్రమల విజ్ఞానాన్ని సామాన్య ప్రజలకు, విద్యార్థులకు చేరవేయడానికి 1967లో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పడింది. యంత్రం లోపలి భాగాలు ఎలా కదులుతాయో అక్కడ కళ్ళారా చూడవచ్చు. 1974వ సంవత్సరం జనవరి 4వ తేదీన నాయుడు తుదిశ్వాస విడిచారు. ఆయన కుటుంబసభ్యులు ఆ ఆశయాన్ని కొనసాగించారు. వివిధ దేశాలకు చెందిన పాత కార్లను సేకరించి, బాగుచేసి, 2015లో కోయంబత్తూరులోని అవినాశి రోడ్డు మీద జీడీ కార్ల సంగ్రహశాలను ప్రజల కోసం తెరిచారు. జి.డి. అనే రెండు పొడి అక్షరాలే ఆ సంగ్రహశాలకు పేరైనాయి. అక్కడి కార్లు సంపన్నుల వైభవానికి గుర్తులు మాత్రమే కావు. గేరు ఎలా పుట్టింది, బ్రేకు ఎలా మారింది, ఇంజను ముందునుండి వెనుకకు ఎందుకు వెళ్ళింది అనే ప్రశ్నలకు సమాధానం చెప్పే పాఠాలు.

నాయుడు జీవితంలో విజయాలున్నాయి, వైఫల్యాలున్నాయి. నచ్చనిదానిని క్షణంలో విడిచిపెట్టే దూకుడు ఆయనలో ఉన్నది. ఓపికగా ఒప్పించి ఉంటే ఆయన ఆశయాలలో మరికొన్ని నెరవేరేవేమో! కాని మనుషుల పట్ల చూపలేని ఓర్పును ఆయన యంత్రాల పట్ల చూపారు. పనికిరాదని ఎవరో పారవేసినదానిలో పనికివచ్చే భాగం ఏదో ఆయన కన్ను వెంటనే పట్టేది. పేదదేశానికి అది సామాన్యమైన గుణం కాదు.

నగరికి కూతవేటు దూరంలోని పుత్తూరు ఎముకలు కట్టే వైద్యానికి ప్రసిద్ధి. విరిగిన చేతితో వచ్చినవానికి అక్కడి వైద్యుడు క్రొత్త ఎముకను తెచ్చి అతికించడు. తొలగిన ఎముకనే వ్రేళ్ళతో తడిమి, దాని చోటికి దానిని చేర్చి, ఆకు పసరు పట్టించి, వెదురుబద్దలతో కట్టు కడతాడు. ఆ పనికి ముందు శరీరంలో ఏది ఎక్కడ ఉండాలో అతని వ్రేళ్ళకు తెలిసి ఉండాలి. జి.డి.నాయుడు వ్రేళ్ళకు యంత్రదేహం అలాగే తెలుసు. మగ్గం ప్రక్కన ఆగిన మోటారును విప్పే పనివానిలోను, పాడుబడిన బండిని తుక్కుకు అమ్మడానికి మనసొప్పక కొట్టంలో దాచుకొన్న యువకునిలోను ఆయన వారసులున్నారు. వారికి కావలసినది ఓపిక, ఆరాధన, అన్నిటినీ మించి ఏ చిన్న మరమేకునూ చులకన చేయని దృష్టి. ఆ దృష్టి కలవాని చేతిలో పాతబడినది ఏదీ వ్యర్థం కాదు.